తొమ్మిదో క్లిక్కు

కార్ల సస్పెన్షన్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఏ కంపెనీ సెట్టు మంచిది? నేను జవాబు చెప్పను. ఆ కారులో ఎవరెవరు ఎక్కుతారు, రోజూ ఏ దారిన పోతారు అని తిరిగి అడుగుతాను. చాలామంది మొహం ముడుచుకుంటారు. ముసలాయన తెలిసింది దాచుకుంటున్నాడని అనుకుంటారు.

నలభై ఏళ్లు ఈ పని చేశాను. అనంతపురంలో లారీల కమాన్ కట్టలు, అంటే చక్రాల మీద బరువు మోసే ఇనుప పట్టీలు, విప్పి బిగించే షెడ్డులో మొదలుపెట్టాను. తరవాత తమిళనాడులో ఒక రేసు జట్టులో షాక్ అబ్జార్బర్ల పని చూశాను. చివరి పదిహేనేళ్లు రాప్తాడు దగ్గర హైవే పక్కన సొంత వర్క్‌షాపు నడిపాను. ఇప్పుడు అది మూతపడింది. నా షెడ్డుకు ఎవరెవరు ఎంతెంత పెద్ద కార్లు తెచ్చారో ఇక్కడ రాయబోవడం లేదు. అది చదివితే మీకు పని రాదు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. తెలియక చేసిన తప్పులు ఎన్నో ఉన్నాయి, వాటికి క్షమ దొరుకుతుంది. ఇది తెలిసి చేసింది.

ఇద్దరు పెద్దలు, రెండు పద్ధతులు

కమాన్ షెడ్డు మస్తాన్ సాబ్‌ది. ఆయన సంతకం చేసేవాడు, అంతకు మించి రాసేవాడు కాదు. ఒకసారి ఒక వ్యాను యజమాని వచ్చి, బరువు వేస్తే వెనక కుంగుతోందని, ఇంకో రెండు పట్టీలు వేయమని అడిగాడు. వేశాను. బండి నిటారుగా నిలబడింది, యజమాని సంతోషంగా పోయాడు. వారం తరవాత మస్తాన్ సాబ్ నన్ను అదే వ్యాను వెనక ఎక్కించాడు. అది వేరుశనక్కాయ కోతకు కూలీలను తీసుకుపోయే బండి. బరువు మూటలది కాదు, ఆడవాళ్లది. రాప్తాడు దాటేసరికి నా పళ్లు టకటకలాడాయి. నా పక్కనున్న ఆమె చంటిబిడ్డను ఒళ్లో కాక రెండు చేతుల మీద గాల్లో పట్టుకుని కూర్చుంది, కుదుపు బిడ్డకు తగలకుండా.

దిగాక మస్తాన్ సాబ్ తిట్టలేదు. "బండిని అడగొద్దు బేటా, కూర్చున్నోళ్లను అడుగు," అన్నాడు. ఆ సాయంత్రమే ఆ రెండు పట్టీలూ తీసేశాను.

రెండో పెద్ద కల్యాణి మేడం. రేసు జట్టులో ఇంజనీరు. ఆమెకు కోపం వస్తే గొంతు తగ్గేది. మరీ తగ్గితే మేం భయపడేవాళ్లం. ఆమె పెట్టిన కట్టుబాటు ఒకటుంది. కారులో ఏది మార్చినా పుస్తకంలో రాయాలి. ముందు కారణం రాయాలి, తరవాతే అంకె రాయాలి, ఆ తరవాతే చెయ్యి వేయాలి. నేను ఒకసారి మర తిప్పేసి వచ్చి కారణం రాస్తుంటే చూసింది. పుస్తకం లాక్కుని, ముందే తిప్పినవాడు కారణం వెతుక్కుంటాడు, దొరికిందల్లా రాస్తాడు అంది. ఆ మాట ఇరవై ఏళ్ల తరవాత నా మీదే నిజమైంది.

ఎన్నుకోవడం గురించి నాలుగు మాటలు

రోజూ తిరిగే కారే అప్పుడప్పుడు రేసు ట్రాక్ మీదికీ పోవాలంటే సర్దుబాటు సస్పెన్షన్ కావాలి. అంటే ఎత్తు మార్చుకునే వీలు, షాకు బిగువు మార్చుకునే వీలు రెండూ ఉన్నది. అమ్మేవాడు ఈ రెంటినీ కలిపి చెప్తాడు, మీరు విడివిడిగా చూడండి.

స్ప్రింగు కారు బరువును మోస్తుంది. గుంత తగిలితే అణుగుతుంది, తరవాత సాగుతుంది. దాన్ని వదిలేస్తే ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపేది షాక్ అబ్జార్బర్‌లోని నూనె. షాకు మీద ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని తిప్పితే నూనె పోయే దారి సన్నబడుతుంది, లేదా వెడల్పవుతుంది. తిప్పేటప్పుడు మెట్టు మెట్టుకూ టిక్కుమని వేలికి తగులుతుంది. ఆ మెట్టునే క్లిక్కు అంటాం. మరను పూర్తిగా బిగించి, ఆ గట్టి కొస నుంచి వెనక్కి లెక్కపెడతాం. అంకె చిన్నదైతే బిగువు ఎక్కువ, పెద్దదైతే మెత్తన.

ఇప్పుడు నా తీర్పు. స్ప్రింగును రోడ్డు కోసం ఎన్నుకోండి, ట్రాక్ కోసం మర తిప్పుకోండి. చాలామంది తలకిందులుగా చేస్తారు. ట్రాక్ మొనగాడు వాడిన గట్టి స్ప్రింగు వేసి, రోడ్డు మీద మర వదులు చేస్తే మెత్తబడుతుందని అనుకుంటారు. మెత్తబడదు. గట్టి స్ప్రింగును వదులు షాకుతో నడిపితే కారు గుర్రంలాగా దుముకుతుంది. షాకును కారుకు బిగించే పైకొసన రబ్బరు ఉన్నది తీసుకోండి. రబ్బరుకు బదులు ఇనుప గుండు ఉన్నది ట్రాక్ మీద నిక్కచ్చిగా ఉంటుంది గానీ మన ఎర్ర దుమ్ములో ఏడాది తిరక్కముందే లొటలొటలాడుతుంది. సీలు పోతే మార్చే మనిషి దగ్గరలో ఉన్నాడో లేడో కొనకముందే కనుక్కోండి. షాకును చేత్తో నొక్కి, మర ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పుతూ మళ్లీ నొక్కి చూడండి. ఇరవై క్లిక్కులని డబ్బా మీద రాసి, చివరి నాలుగింటిలో తప్ప తేడా లేని సరుకు నేను చాలా చూశాను.

ఇక ఫొటో కోసం కారును నేలకు దించేవాళ్లు. టైరుకూ రేకుకూ నడుమ రెండు వేళ్లు కూడా పట్టకుండా దించితే స్ప్రింగు అణగడానికి చోటేదీ? మన ఊరి స్పీడ్ బ్రేకరు ఒక్కటి చాలు. దించినవాడే దిష్టి తగిలిందని ఇరుసుకు నల్లతాడు కడతాడు. ఆ తాడు బ్రేకులో చుట్టుకుంటే విప్పేది నేను.

మామగారు తెచ్చిన కాయితం

చంద్ర బెళుగుప్ప దగ్గర గాలిమరల కంపెనీలో ఇంజనీరు. అనంతపురంలో కాపురం. ఆయన భార్య లలిత బెళుగుప్ప బడిలో టీచరు. పొద్దున ఇద్దరూ ఒకే కారులో పోతారు, సాయంత్రం ఒకే కారులో వస్తారు. ఆ కారు రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారు. చంద్ర ఏళ్ల తరబడి కూడబెట్టుకుని కొన్నాడు. ఏడాదికి రెండు మూడు సార్లు తమిళనాడు ట్రాక్‌కు తీసుకుపోయి తనివితీరా తిప్పేవాడు. ఇంకో కారు కొనే స్తోమత లేదు.

లలితకు నడుము డిస్కు జారింది. కుదుపులు పనికిరావని డాక్టరు చెప్పాడు. కారులో ఉన్న పాత షాకులు అప్పటికే పోయాయి. కొత్త సెట్టు వేసినా ఆమె కూర్చోలేకపోతే కారు అమ్మేయాలని ఇంట్లో తీర్మానం అయింది. చంద్ర ఇదంతా చెప్పి, ట్రాక్ వదులుకోమన్నా వదులుకుంటాను గానీ కారు నిలబెట్టండి సార్ అని అడిగాడు. రెండూ దొరుకుతాయని మాట ఇచ్చాను. రోడ్డుకు సరిపడే స్ప్రింగు, ఇరవై క్లిక్కుల షాకు, పైన రబ్బరు ఉన్న సెట్టు తెప్పించాను. ఎంపికలో తప్పు లేదు. ఇవాళ అడిగినా అదే చెప్తాను.

బిగించే రోజున దంపతులతో పాటు లలిత తండ్రి నారాయణప్ప వచ్చాడు. గుమ్మఘట్ట మనిషి, రిటైరైన లెక్కల మాస్టారు. చొక్కా జేబులోంచి మడత కాయితం తీశాడు. బండి నెంబరు అంకెలన్నీ కూడితే తొమ్మిది వచ్చేలా తీసుకున్నారట. అల్లుడు పుట్టింది తొమ్మిదో తేదీ. కాబట్టి నాలుగు చక్రాలకూ తొమ్మిది క్లిక్కులు పెట్టాలి. నాలుగు తొమ్మిదులు ముప్పై ఆరు, మూడూ ఆరూ కూడితే మళ్లీ తొమ్మిదే అని కూడా చూపించాడు.

నా సంగతి చెప్పాలి. మా నాయన బేల్దారి. పగలు గోడలు కట్టేవాడు, సాయంత్రం హేతువాద సభలకు పోయేవాడు, నన్నూ తీసుకుపోయేవాడు. పద్దెనిమిదేళ్లకే నేను ఊరి కూడళ్లలో నాలుక మీద కర్పూరం వెలిగించి చూపించి, ఇందులో మహిమ లేదు, ఎట్లా చేయాలో తెలిస్తే మీరూ చేస్తారు అని ఉపన్యాసం చెప్పినవాణ్ణి. వాదంలో ఎదుటివాణ్ణి నోరెత్తకుండా చేయడం అక్కడే నేర్చుకున్నాను. అది మంచి విద్యే. చేదు విద్య కూడా.

"తొమ్మిది సరే సార్, యాణ్ణించి?" అన్నాను.

"యాణ్ణించంటే?"

"గట్టి కొస నుంచి లెక్కపెడితే తొమ్మిది. అదే మరను మెత్త కొస నుంచి లెక్కపెడితే పదకొండు. మీ అంకెకు ఏ కొస ఇష్టం?"

చంద్ర నవ్వేశాడు. నారాయణప్ప మొహం ఎర్రబడింది. అప్పటిదాకా మీరు అన్న మనిషి ఏకవచనంలోకి దిగాడు.

"ఏమప్పా, తొమ్మిది పెడితే నీ చెయ్యి అరిగిపోతాదా?"

"చెయ్యి అరగదు. అంకె రోడ్డు చెప్పాల, కాయితం కాదు."

ఆ మాటను ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ లలిత నవ్వలేదని అప్పుడే చూశాను. చూసి కూడా పట్టించుకోలేదు.

రోడ్డు చెప్పింది, నేను వినలేదు

మర్నాడు చంద్ర నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. రాప్తాడు నుంచి మొదలయ్యే ఒక ముక్క రోడ్డు నాకు పరీక్షల కోసం కట్టినట్టు ఉండేది. కొంత నున్నన, కొంత అతుకులు, చివర ఒక స్పీడ్ బ్రేకరు. పన్నెండు క్లిక్కులతో మొదలుపెట్టాం. కారు గుంత తరవాత రెండు మూడు సార్లు ఊగింది. ట్రాక్‌కు పోయేవాడు ఒప్పుకోడు. బిగించుకుంటూ వచ్చాం. తొమ్మిది దగ్గర గుంతలో పడింది, లేచింది, ఒక్క ఊపుతో నిలిచింది. "బాగుంది" అని, మేడం నేర్పినట్టు నా షెడ్డులోనూ పెట్టుకున్న పుస్తకంలో రాశాను. నా చేతిరాతే.

రాశాక ఆ పక్కన ఉన్న అంకె చూశాను. నారాయణప్ప మొహం గుర్తొచ్చింది. ఆయన ఈ సంగతి తెలిసి ఊరంతా ఎట్లా చెప్పుకుంటాడో, కాయితం చెప్పిందే నిజమైందని ఎట్లా నవ్వుతాడో కళ్లకు కట్టింది. ఎనిమిదో పదో పెట్టినా పోయేది. కానీ అవి తొమ్మిదికి మరీ పక్కన ఉన్నట్టు తోచింది. దూరంగా జరగాలనిపించింది. ఆరు పెట్టాను.

ఆరుతో ఒక్కసారి నడిపి చూశాం. గట్టిగా ఉంది గానీ భరించలేనంత కాదు, నాకు. చంద్ర కొంచెం సందేహపడ్డాడు. కొత్త షాకులు, వాడితే మెత్తబడతాయి అన్నాను. అది సగం నిజం. మర తిప్పడం అయిపోయాక పుస్తకంలో ఆరు అని రాసి, పక్కన కారణం రాశాను: "ట్రాక్‌కు కూడా అనుకూలం." ట్రాక్ కోసం వేరే లెక్క, నాలుగు, అదే పేజీ పైన రాసి ఉంది. రోడ్డు లెక్క ట్రాక్‌కు అనుకూలంగా ఉండాల్సిన అవసరమే లేదు. అందుకే కదా మర ఉన్నది.

లలితను కూర్చోబెట్టి చూడలేదు. మస్తాన్ సాబ్ మాటా, కల్యాణి మేడం మాటా ఒకే పూటలో దాటేశాను.

బెళుగుప్ప మలుపు

మూడు వారాల తరవాత చంద్ర ఫోను చేశాడు. పొద్దున బడికి పోతున్నప్పుడు, బెళుగుప్ప రాకముందు మలుపులో, తారు అలలు అలలుగా లేచిన చోట, ముందు గొర్రెల మంద అడ్డం వచ్చిందట. వేగం పెద్దగా లేదు. మెల్లగానే బ్రేకు తొక్కాడు. కారు వెనక భాగం ఎగిరి పక్కకు జరిగి, రోడ్డు దిగి బీడులోకి పోయి ఆగింది. గొర్రెలకు ఏమీ కాలేదు. చంద్రకు గీత కూడా పడలేదు. లలిత నడుము పట్టేసింది, సీట్లోంచి లేవలేకపోయింది. మందను తోలుకొస్తున్న మనిషి వచ్చి ఆమెను దించడానికి చెయ్యి వేశాడట.

"ఏమన్నా, బండి కుందేలు మాదిరి ఎగుర్తాండాదే, మనుషులెట్ల కూర్చుంటారు ఇందులో," అన్నాడట ఆయన. నలభై ఏళ్ల నా అనుభవం మీద ఎవరూ అంత చిన్న మాటలో తీర్పు చెప్పలేదు.

నేను అదే కారు తీసుకుని అదే మలుపుకు పోయాను. అదే వేగంతో నడిపాను. మొదటి అలకు స్ప్రింగు అణిగింది. షాకు బిగువు ఎక్కువ కాబట్టి అది నిదానంగా సాగుతోంది. పూర్తిగా సాగకముందే రెండో అల, దాని వెనక మూడోది. అల అలకూ కారు కిందికి కుంగుతూ పోయి, ఇక అణగడానికి చోటు లేక అడుగున చివరి దెబ్బ కాచే రబ్బరు మీద కూర్చుంది. అప్పుడు టైరు నేలను పట్టుకోదు, ఎగురుతుంది. బిగువు ఎక్కువైతే పట్టు ఎక్కువ అనుకునే పిల్లలు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. తొమ్మిదికి తిప్పి మళ్లీ నడిపాను. అలల మీద కారు కుదురుగా పోయింది.

రోడ్డు పక్కన కారు ఆపాను. ఆ ఇంట్లో ఈపాటికి నారాయణప్ప ఏమంటూ ఉంటాడో నాకు తెలుసు: తొమ్మిది పెట్టనందుకే ఇట్లా అయిందని. విచిత్రం ఏమంటే, ఆ వాక్యం అక్షరాలా నిజం. తొమ్మిది పెట్టనందుకే అయింది. నేను జీవితమంతా వాదించిన దానికి ఇంత ఇబ్బందికరమైన నిజం ఇంకెప్పుడూ ఎదురుపడలేదు.

తప్పును రోడ్డు మీదికి, గొర్రెల మీదికి, చంద్ర బ్రేకు మీదికి నెట్టేయవచ్చు. ఎవరూ పట్టుకోలేరు. పుస్తకం నా దగ్గరే ఉంది.

పుస్తకం తీసుకుపోయాను

లలిత చెక్కబల్ల మీద వెల్లకిలా పడుకుని ఉంది. నారాయణప్ప కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. బళ్లారి నుంచి ఎవరో ఆదివారం కారు చూడడానికి వస్తున్నారని చంద్ర చెప్పాడు. నేను పుస్తకం తెరిచి ఆ పేజీ చదివాను. తొమ్మిది, బాగుంది. ఆరు, ట్రాక్‌కు కూడా అనుకూలం. ఆ రెండో కారణం అబద్ధమని, మీ నాయన చెప్పిన అంకె కాబట్టే తొమ్మిది పెట్టలేదని లలితతో చెప్పాను.

నారాయణప్ప లేచి నిలబడ్డాడు. "చూసినావా చంద్రా. నేను చెప్పలా?"

లలిత కళ్లు మూసుకునే మాట్లాడింది. ఆమె టీచరు. ఎవరు ఎంత తప్పు చేశారో అంతే మార్కులు కోసే గొంతు అది.

"నాయనా, నువ్వు కూర్చో. నువ్వు కాయితాన్ని అడిగినావు. సార్ రోడ్డును అడిగినాడు, అదీ వినలేదు. ఇద్దరికీ గెలిచేదే కావాల. నడుము నాది. నన్ను ఎవురూ అడగలేదు."

ఆ తరవాత ఆమే చెప్పింది. ఆ కారులో బెళుగుప్ప పోయే గంటసేపు ఆమెకు ఇష్టమట. ఇంట్లో పనీ లేదు, బళ్లో పనీ లేదు, ఆ గంట తనది. అమ్మాలని లేదు. కానీ ఇంకోసారి ఇట్లా పడుకోవడం తన వల్ల కాదు.

అప్పుడు నేను ఒక పరీక్ష అడిగాను. ఆమె లేచి డాక్టరు సరే అన్నాక, కారులో కూర్చుని తనే మార్కులు వేయాలి. మర ఎంతలో ఉందో ఆమెకు తెలియకూడదు, నడిపే చంద్రకు తెలియకూడదు, నాకూ తెలియకూడదు. నాకు తెలిస్తే నా మొహం చూసి వాళ్లు పసిగడతారు. మర తిప్పేది, అంకె రాసుకునేది నారాయణప్ప ఒక్కడే.

"నేనా?" అన్నాడాయన.

"మీరే. లెక్కలు చెప్పిన చెయ్యి కదా, తప్పు రాయదు."

ఎగతాళి చేస్తున్నానేమో అని నా మొహంలోకి చూశాడు. చేయడం లేదు. బళ్లారి మనిషిని ఒక నెల ఆగమన్నారు.

మార్కులు

ఆ నెల చివర, ఒక ఆదివారం పొద్దున నా షెడ్డు ముందు కలిశాం. ఏడు కంటే గట్టిగా పెట్టవద్దని మాత్రం నారాయణప్పకు చెప్పాను. ఎక్కడ నొప్పి తెలిసినా చెయ్యి ఎత్తమని లలితకు చెప్పాను. మర ఎట్లా పూర్తిగా బిగించాలో, గట్టి కొస నుంచి టిక్కులు వేలితో ఎట్లా లెక్కపెట్టాలో ఆయనకు చూపించి, నేను షెడ్డు లోపలికి పోయి కూర్చున్నాను. గోడ అవతల ఆయన గొంతు వినిపించకుండా రేడియో పెట్టుకున్నాను.

కారు పోవడం, రావడం, ఆయన నాలుగు చక్రాల చుట్టూ తిరగడం, మళ్లీ పోవడం. ఏడు సార్లు. లలిత ఒకసారి చెయ్యి ఎత్తిందట, అక్కడే ఆపి వెనక్కి వచ్చారు. చివరికి నన్ను పిలిచారు. లలిత మార్కులు ఒక కాయితంలో ఉన్నాయి, నారాయణప్ప అంకెలు ఇంకో కాయితంలో. ఆయన రెండూ పక్కపక్కన పెట్టుకుని, కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. ఆయన తన కాయితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నా మేం ఏమీ చేయలేం.

"ఏడు గట్టి. ఆడనే చెయ్యెత్తింది. పన్నెండు, పద్నాలుగు ఊగులాట. బాగా మార్కులొచ్చినవి మూడు," అన్నాడు. "ఎనిమిది, తొమ్మిది, పది. మూడూ ఒకటే. నేను తొమ్మిది రెండు సార్లు పెట్టినాను, ఎవురికీ చెప్పకుండా. ఒకసారి పది కంటే అర మార్కు ఎక్కువొచ్చె, ఒకసారి అర మార్కు తక్కువొచ్చె." కళ్లజోడు తీశాడు. "తొమ్మిదికని ప్రత్యేకంగా ఏమీ రాలేదు."

నేను కూడళ్లలో ఎంతోమందిని ఓడించాను. వాళ్లలో ఒక్కరూ తన చేతిరాతను తనే చదివి, ఇట్లా బయటికి చెప్పలేదు. చెప్పే వీలు నేను ఎవరికీ ఇవ్వలేదు కూడా.

"మీకు పంతముంటే పది పెట్టుకోండి సార్," అన్నాడు నారాయణప్ప. "నేనేమీ అనుకోను."

నిజం చెప్పాలంటే పది పెట్టాలనే ఉంది. ఆయన చేతులారా ఇస్తున్నాడు. పుస్తకం తెరిచాను. ముందు కారణం రాశాను: ఎనిమిది నుంచి పది దాకా ఆమెకు తేడా తెలియలేదు. ఎండాకాలం నూనె వేడెక్కి పలచబడినా, చలికి చిక్కబడినా రెండు పక్కలా చోటు ఉండాలంటే మధ్యది పెట్టాలి. ఆ తరవాత అంకె రాశాను. తొమ్మిది.

నేను వెనక చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆయనా కష్టం మీద నా పక్కన కూర్చున్నాడు.

"గట్టి కొస నుంచేనా?" అని అడిగాడు.

"గట్టి కొస నుంచే."

బడిలో ఎక్కాలు చెప్పించినట్టు టిక్కు టిక్కుకూ పైకి లెక్కపెట్టాడు. తొమ్మిది అన్నాక ఆగి, నా వైపు చూసి, ఇక్కడే కదా అన్నట్టు తల ఊపాడు.

బళ్లారి మనిషికి లలితే ఫోను చేసి రావద్దని చెప్పింది. కారు ఇప్పటికీ వాళ్ల దగ్గరే ఉంది. తలుపు లోపలి అంచుకు నేను అంటించిన చీటీ ఉంటుంది: రోడ్డుకు తొమ్మిది, ట్రాక్‌కు నాలుగు, రెండూ గట్టి కొస నుంచి. ట్రాక్ నుంచి వచ్చిన ప్రతిసారీ, ఇంటికి బయలుదేరకముందే, చంద్ర తొమ్మిదికి తిప్పుకుంటాడు. మీరు ఎవరికి ఈ పని చేసినా అట్లాంటి చీటీ ఒకటి అంటించండి. మనుషులు మరిచిపోతారు.

తొమ్మిదిని నమ్మినవాడు తొమ్మిది వల్ల నడిచాడు. తొమ్మిది నుంచి పారిపోయిన నేనూ తొమ్మిది వల్లే నడిచాను. ఆయన కాయితం ఎవరి నడుమూ విరవలేదు. నా పంతం ఆ పని చేసింది. జాతకాలను, అంకెలను నేను ఇవాళ కూడా నమ్మను, రేపూ నమ్మను, ఎవరు వచ్చినా వాదిస్తాను. కానీ వాదన షెడ్డు బయట. లోపల మాత్రం కూర్చున్న మనిషిని అడగాలి, కారణం ముందు రాయాలి.

ఆ పుస్తకం నా దగ్గరే ఉంది. ఆరు పక్కన రాసిన "ట్రాక్‌కు కూడా అనుకూలం" అన్న మాటను కొట్టివేయలేదు, చెరిపివేయలేదు. దాని కింద, ఆ ఆదివారం ఇంటికి పోకముందు, అసలు కారణం రాశాను: "మామగారు తొమ్మిది అన్నారు కాబట్టి."